కాలనీ చెరువు కడుపులో

కాలనీ మధ్య ఉన్న వాన నీటి కుంట ఉన్నదే మురికి పట్టడానికి. ఇళ్ల కప్పుల మీద, రోడ్ల మీద, పార్కింగ్ గచ్చు మీద పడ్డ వాన తనతో లాక్కొచ్చిన దుమ్ము, నూనె, ఎరువు, ఆకులూ అలములూ అన్నీ అక్కడ ఆగాలి. నీరు కొన్నాళ్లు నిలిచి, తేరుకుని, అలుగు దాటి కిందికి పోవాలి. కాబట్టి కుంట అడుగున బురద చేరిందంటే అది తన పని తాను చేస్తోందన్నమాట. అరిగించుకోగలిగిన దానికన్నా ఎక్కువ దాని నోట్లో కుక్కి, కుక్కింది ఏనాడూ బయటికి తీయకపోతేనే చిక్కు. నీళ్లు పచ్చబడటం, కంపు కొట్టడం, తెల్లవారేసరికి చేపలు తేలడం, ఈ మూడూ ఆ అజీర్తి లక్షణాలే.

అమెరికాలో ఇలాంటి కుంటలను ఈ పని కోసమే తవ్వుతారు. కొత్తగా వెలిసే ప్రతి కాలనీ తన వాన నీటిని శుద్ధి చేశాకే బయటికి వదలాలని 1982లో నిబంధన పెట్టింది ఫ్లోరిడా. ఆ దేశంలో ఆ పని చేసిన తొలి రాష్ట్రం అదే. ఇప్పుడు ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇలాంటివి 76 వేలకు పైగా ఉన్నాయని అంచనా. పెరటి వెనక ‘లేక్ వ్యూ’ అని చూపించి ఇళ్లమ్మే నీళ్లలో చాలా వరకు ఈ కుంటలే. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఆ సంగతి ఒక్కోసారి కాలనీ సంఘం పంపే బిల్లులో కుంట నిర్వహణ ఖర్చు కనబడ్డాకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో వరస తిరగబడింది. ఇక్కడ చెరువు ముందు వచ్చింది, కాలనీ తర్వాత వచ్చింది. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండే గొలుసుకట్టును పెద్దలు పొలాల కోసం, తాగునీటి కోసం కట్టుకున్నారు. గోల్కొండ కోటకు ఒకప్పుడు మంచినీళ్లు ఇచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఇప్పుడు ఐటీ భవనాలూ అపార్ట్‌మెంట్లూ నిలబడి ఉన్నాయి. ఆయకట్టు ప్లాట్లయ్యాక తూములకు పని పోయింది. చెరువుకు మిగిలిన కొలువు ఒక్కటే: వాన పడ్డప్పుడు కాలనీల నీళ్లు పట్టుకోవడం. ఎవరూ ఆ పేరుతో పిలవకపోయినా అది వాన నీటి కుంటే. తేడా ఏమిటంటే ఫ్లోరిడా కుంటను ఎంత వాన, ఎంత లోతు, ఎన్నాళ్ల నిల్వ అని లెక్క కట్టి తవ్వారు. చెరువు విషయంలో లెక్క కట్టింది పొలానికే. కాలనీకి ఎవరూ కట్టలేదు.

కొత్త నీరు

పల్లెలో కొత్త నీరంటే పండగ. తొలకరికి వాగు కదిలితే చేపలు ఎదురెక్కుతాయి, పిల్లలు గట్ల మీద మూగుతారు. కాలనీలో అన్నిటికన్నా మురికి నీరు అదే. నాలుగైదు నెలల ఎండల్లో రోడ్డు మీద పేరుకున్న టైర్ల పొడి, బ్రేకుల దుమ్ము, కుక్కల మలం, కట్టడాల దగ్గరి సిమెంటు ఇసుక మొదటి అరగంట జడికి కడుక్కుని వస్తాయి. ఆ తర్వాత కురిసే వాన దానితో పోలిస్తే శుభ్రం.

నీటి పరిమాణం ఊహకన్నా పెద్దది. హెక్టారు గచ్చు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్లు. నలభై హెక్టార్ల కాలనీ మీద రెండు సెంటీమీటర్లు కురిసి, అందులో అరవై శాతం పారిందనుకుంటే చెరువులోకి 48 లక్షల లీటర్లు వచ్చి పడతాయి. అదే నేల పొలంగా ఉన్నప్పుడు చాలా భాగం ఇంకేది.

ఈ నీటికి కుంట చేసే వైద్యంలో పెద్ద భాగం కేవలం ఆపడమే. తొలకరి రోజు నాలా దగ్గర ఒక గాజు సీసాలో నీళ్లు పట్టి పిట్టగోడ మీద కదపకుండా పెడితే విషయం కళ్లకు కడుతుంది. ఇసుక రెండు మూడు నిమిషాల్లో అడుగున గీత కడుతుంది. ఒండ్రు సాయంత్రానికి దిగుతుంది. పైన మిగిలిన టీ రంగు మాత్రం మర్నాడు, మూడోనాడు కూడా అలాగే ఉంటుంది. వెయ్యో వంతు మిల్లీమీటరు ఉన్న బంకమట్టి రేణువు కదలని నీటిలో మీటరు లోతు దిగడానికి దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది. కుంటలో నీరు అన్ని రోజులు నిలిచేలా చూసుకోమని ఇంజనీర్లు చెప్పేది అందుకే. నీటికి ముప్పు తెచ్చే భాస్వరం ఎక్కువగా ఆ సన్న రేణువులనే పట్టుకుని ప్రయాణం చేస్తుంది. పూడికతో లోతు సగమైన చెరువులో నీరు నిలిచే రోజులూ సగమవుతాయి. ఇసుక దిగుతుంది, భాస్వరం దిగదు.

పచ్చదనం లెక్క

నీళ్లు పచ్చబడటానికి కారణం భాస్వరమా, నత్రజనా, ఇంకోటా అన్న తగువు చాలాకాలం నడిచింది. తేల్చింది ఒక చెరువే. కెనడాలోని ఒంటారియోలో పరిశోధన కోసమే కేటాయించిన సరస్సుల్లో 226వ నంబరు దాన్ని 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం నడుముకు అడ్డంగా ప్లాస్టిక్ తెర కట్టి రెండుగా విడదీసింది. ఒక పక్క కార్బన్, నత్రజని వేశారు. రెండో పక్క ఆ రెండూ వేసి భాస్వరం కూడా కలిపారు. కొన్ని వారాల్లో భాస్వరం వేసిన పక్క చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది, తెరకు ఇవతల నీరు మామూలుగానే ఉండిపోయింది. విమానంలోంచి తీసిన ఆ ఫొటో, వంద పేజీల నివేదిక చేయలేని పని చేసింది. భాస్వరం మీద నిబంధనలూ వచ్చాయి. అమెరికాలో మినసోటా 2005 నుంచి రాష్ట్రమంతటా ఇళ్ల పచ్చికకు భాస్వరం ఎరువు వాడకాన్ని కట్టడి చేసింది. ఫ్లోరిడాలో సరసోటా కౌంటీ 2007 నాటి ఉత్తర్వుతో జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే వానల నెలల్లో, పచ్చికకు నత్రజని, భాస్వరం వేయొద్దంది.

హైదరాబాద్ కాలనీల్లో పచ్చిక తక్కువ, కాబట్టి డీఏపీ ఎరువు మీద నేరం మోపడం తొందరపాటు. ఇక్కడ భాస్వరం ముఖ్యంగా మురుగుతో వస్తుంది: మలమూత్రాలు, వంటింటి నీళ్లు, సబ్బు పొడి. చాలా చోట్ల వాన నాలా, డ్రైనేజీ నాలా వేరుగా లేవు, కాగితం మీద వేరుగా ఉన్నా మధ్యలో ఎక్కడో కలుస్తాయి. ఎండాకాలంలో కూడా నాలాలో నీళ్లు పారుతున్నాయంటే అది వాన నీరు కాదని చెప్పడానికి ల్యాబ్ అక్కర్లేదు.

ఇందులో తేలిగ్గా కనబడని మెలిక ఒకటుంది. అపార్ట్‌మెంట్ల ఎస్టీపీల (మురుగు శుద్ధి కేంద్రాల) నుంచి వచ్చే నీరు తేటగా, వాసన లేకుండా ఉండొచ్చు. అయినా అందులో నత్రజని, భాస్వరం చాలా వరకు అలాగే ఉంటాయి, ఎందుకంటే మామూలు ఎస్టీపీల గురి కుళ్లే పదార్థం మీదే. ఆ తేట నీరు చెరువులో పడితే నాచుకు అన్నం పెట్టినట్టే. బెంగళూరు జక్కూరులో శుద్ధి కేంద్రం నీటిని నేరుగా చెరువులోకి వదలకుండా ముందు జమ్ము పెంచిన చిత్తడి నేలలోంచి పారించడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

తెల్లవారుజామున

చెరువు ఆరోగ్యాన్ని మధ్యాహ్నం చూసినవాడు మోసపోతాడు. పచ్చటి నీళ్లలో నాచు పగలంతా ఎండ తాగుతూ ఆక్సిజన్ వదులుతుంది, సాయంత్రం నాలుగింటికి మీటరు పెడితే అంకె ఘనంగా ఉంటుంది. పొద్దు గుంకగానే అదే నాచు, దానితో పాటు అడుగు బురదలోని సూక్ష్మజీవులు, చేపలు అన్నీ కలిసి ఆ నిల్వను ఖర్చు చేయడం మొదలుపెడతాయి. తెల్లవారుజాము నాలుగు, ఐదు గంటలకు ఖజానా అడుగంటుతుంది. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అసలు నిల్వే తగ్గుతుంది: 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే 30 డిగ్రీల నీరు పట్టుకునేది ఏడున్నరే. చేపలు బతకాల్సిన నీటికి కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులకు ఇవన్నీ కొత్త కబుర్లు కావు. ‘డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది’ అన్న మాట అక్కడ నిద్ర లేపే మాట. చేపలు నీటి మీదికొచ్చి మూతులు తెరుస్తుంటే అర్ధరాత్రయినా ఏరేటర్ వేస్తారు. నీటి రంగు చూసి మబ్బు రోజున మేత తగ్గిస్తారు. నలుపు తెలుపు పలకను తాడుతో దించి అది ఎంత లోతులో కనుమరుగైందో చూసుకుంటారు. రొయ్యల చెరువులో 30–40 సెంటీమీటర్ల దగ్గర మాయమైతే బాగున్నట్టు. ఆ పలకకు 1865లో అలాంటిదాన్ని పరీక్షించి చూసిన ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు సెక్కీ పేరు నిలిచింది. నగరంలో చెరువు పక్కన కోట్లు పెట్టి ఫ్లాట్ కొన్న సంఘం దగ్గర మాత్రం వంద రూపాయల ఈ పలక ఉండదు.

చేపలు మూకుమ్మడిగా చచ్చే ఉదయాలు ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తాయి. ఒకటి, నడివేసవిలో నాచు దట్టంగా కమ్మాక వరసగా రెండు రోజులు మబ్బు పట్టడం. రెండోది తొలకరి. నాలాలో నెలల తరబడి మగ్గిన బురద ఒక్కసారిగా కొట్టుకొస్తుంది, వరద తోపుకు అడుగునున్న ఆక్సిజన్ లేని నీరు పైకి లేస్తుంది. ‘ఎవరో విషం కలిపారు’ అన్న అనుమానం ప్రతిసారీ పుడుతుంది. నిజంగా రసాయనాలు వదిలిన ఘటనలూ లేకపోలేదు. కానీ విషమైతే చిన్నాపెద్దా అన్నీ ఏ వేళనైనా పోవచ్చు. ఊపిరాడక పోయినప్పుడు సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి, అదీ తెల్లవారేలోపు. మొదట పసిగట్టేది చెరువు మీద హక్కున్న మత్స్య సహకార సంఘంవాళ్లు. కాలనీవాళ్ల వాట్సాప్ గ్రూపులో వాళ్లుండరు.

సీసాలో మందు

నీళ్లు పచ్చబడగానే సంఘం చూపు మందుల మీద పడుతుంది. అన్నిటికన్నా పాతది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). చల్లిన కొద్ది రోజుల్లోనే నాచు చస్తుంది, ఫొటోకు నీరు బాగుంటుంది. చచ్చిన నాచు అడుగుకు దిగి కుళ్లేటప్పుడు ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది, పట్టి ఉంచిన భాస్వరాన్ని తిరిగి నీటికే ఇస్తుంది. కొన్ని వారాల్లో మళ్లీ పచ్చదనం. ఈలోగా రాగి ఎక్కడికీ పోదు, బురదలో పొర మీద పొరగా చేరుతుంది. తప్పనిసరై వాడినా చెరువంతా ఒకేసారి కాకుండా మూడో వంతు చొప్పున చల్లాలన్నది ఇందుకే. నీలి ఆకుపచ్చ నాచు, అంటే పైన రంగు ఒలకబోసినట్టు తెట్టు కట్టేది, చచ్చేటప్పుడు తన లోపలి విషాన్ని నీటిలోకి వదులుతుంది కూడా. పశువులు, పెంపుడు కుక్కలు ఆ నీళ్లు తాగకుండా చూసుకోవాలి.

పటిక కథ కొంత మేలు. బురద నీళ్ల బిందెలో పటిక తిప్పిన అమ్మమ్మలు చేసిందే పెద్ద ఎత్తున చేయడం: అది భాస్వరాన్ని పట్టుకుని అడుగున కూర్చోబెడుతుంది. మోతాదు తప్పితే నీరు పులిసి చేపలకు దెబ్బ. పైనుంచి మురుగు వస్తూనే ఉంటే ఈ ఖర్చు ఏటా పెట్టాలి. ఎంజైములు, బ్యాక్టీరియా ద్రావణాల సంగతి కూడా అంతే. మురుగు ఆగిన చెరువులో మిగిలిన బురదను కరిగించడానికి అవి కొంత పనికొస్తాయేమో గానీ, నాలా తెరిచి ఉండగా పోస్తే బూడిదలో పోసిన పన్నీరే.

ఫౌంటెన్ కంటికి ఇంపు. అది పైనున్న అడుగు రెండడుగుల నీటినే ఎగరేస్తుంది. రెండు మీటర్లకు మించి లోతున్న చోట గాలిని గొట్టంతో అడుగుదాకా పంపి బుడగలుగా వదిలే పద్ధతి మేలు, బుడగలతో పాటు అడుగు నీరు పైకొచ్చి ఊపిరి పోసుకుంటుంది. ఒక జాగ్రత్త ఉంది. నెలల తరబడి కదలని చెరువులో ఆ యంత్రాన్ని మొదటిరోజే పూర్తిగా నడిపితే అడుగునున్న కుళ్లు నీరంతా ఒక్కసారి లేచి, కాపాడాలనుకున్న చేపలనే చంపుతుంది. మొదటిరోజు అరగంట, రెండోరోజు గంట, అలా పెంచుకుంటూ పోవాలి.

గుర్రపుడెక్క సంగతి వేరు. చూడటానికి శత్రువే గానీ తనంతట తానే చెరువులోంచి నత్రజనిని, భాస్వరాన్ని పీల్చి పెట్టుకున్న బస్తా అది. అనువైన నీళ్లలో రెండు వారాలకల్లా రెట్టింపవుతుంది, నీటిని కప్పేసి గాలి, వెలుతురు ఆపేస్తుంది. వేళ్ల మధ్య దోమ పిల్లలు దాక్కుంటాయి. యంత్రంతో తీయించి కట్ట మీద కుప్ప పోసి వదిలేయడం నగరంలో రోజూ కనిపించే దృశ్యం. మొదటి వానకే ఆ కుప్ప కుళ్లి, పీల్చినదంతా తిరిగి చెరువుకు అప్పజెబుతుంది. తీసిన రోజే లారీకెక్కించి కంపోస్టు గుంతకు చేర్చకపోతే ఆ కాంట్రాక్టు డబ్బు నీళ్లలో పోసినట్టే, అక్షరాలా.

దోమల మాట వచ్చింది గనుక: డెంగీ వస్తే వేలు చెరువు వైపు లేస్తుంది. డెంగీ దోమ చెరువులో గుడ్లు పెట్టదు. పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు, మూతలేని డ్రమ్ము దానికి ఇష్టం. మురికి నీటిలో పెరిగేది క్యూలెక్స్, రాత్రి చెవి దగ్గర పాడేది అదే.

గట్టు మీద

సుందరీకరణ పేరుతో జరిగే పనుల్లో చెరువుకు అన్నిటికన్నా నష్టం చేసేది ఒడ్డును రాతి గోడగా మార్చడం. నీరు, నేల కలిసే లోతులేని అంచులోనే తుంగ, జమ్ము, వస మొలుస్తాయి. కాలనీ నుంచి జారే నీటిని వాటి కాడలు వడకడతాయి, చేపపిల్లలు అక్కడే దాక్కుంటాయి. ఆ అంచు తీసేసి వాకింగ్ ట్రాక్ పరిచి, లైట్లు పెట్టి, సెల్ఫీ పాయింటు కట్టాక చెరువు తొట్టి అవుతుంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలన్న 2012 నాటి నిబంధనను ఆక్రమణల కోణంలోనే మాట్లాడుకుంటున్నాం. 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తున్నాయి. కానీ ఆ 9 మీటర్లలో గడ్డి ఉండాలా, టైల్స్ ఉండాలా అన్న ప్రశ్నకిచ్చే జవాబులోనే నీటి నాణ్యత సగం ఉంది.

ఒడ్డు అప్పటికే పోయిన చోట తేలే తోటలు ఒక దారి. మణికొండ పక్కనున్న నెక్నాంపూర్ చెరువులో 2018లో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ మూడు వేల చదరపు అడుగుల తెప్ప వేసింది. వెదురు, థర్మోకోల్, గోనెపట్ట, కంకర పొరలు, వాటి మీద వట్టివేళ్లు, మెట్టతామర, జమ్ము. వేళ్లు నీటిలోకి వేలాడతాయి, వాటికి పట్టిన సూక్ష్మజీవులే అసలు పనివాళ్లు. మొక్కలను కోసి బయటికి తీస్తుంటేనే పీల్చిన పోషకాలు బయటికి పోతాయి. కోయని తెప్ప కొన్నేళ్లకు మరో గుర్రపుడెక్క.

వినాయక విగ్రహాల నిమజ్జనం కోసం జీహెచ్‌ఎంసీ విడిగా కట్టిన చిన్న కొలనులు చెరువుల మీద భారం కొంత తగ్గించాయి. బతుకమ్మ పూలను కూడా అదే గాటన కట్టడం సబబు కాదు. గునుగు, తంగేడు కుళ్లి నీటికి చేసే చేటు, ఒక్కరోజు పారే డ్రైనేజీ ముందు లెక్కలోకి రాదు.

కాలనీ చేతిలో ఉన్న పనులు నాలుగు గోడలకు ఇవతలివే. ఎండాకాలం చివర్లో, తొలకరికి ముందు రోడ్లు ఊడ్చి ఆ దుమ్మును నాలాలో పోయకుండా ఎత్తించడం. కట్టడాల ఇసుక కుప్పల చుట్టూ అడ్డు పెట్టించడం. ఎస్టీపీ కరెంటు బిల్లు చూసి అది నిజంగా నడుస్తోందో లేదో తెలుసుకోవడం. నెలకోసారి తెల్లవారుజామున డీవో, పలకతో తేటదనం, మధ్యాహ్నం పీహెచ్ రాసిపెట్టుకోవడం. నాచు కమ్మిన నీటిలో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటితే, అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియా చేపలకు విషంగా మారుతుంది.

పూడిక

చివరికి అన్నీ అడుగునే చేరతాయి. నాలా చెరువులో కలిసే చోట చిన్న పూడిక గుంట తవ్వి, మధ్యలో తక్కువ ఎత్తు గట్టు పెడితే ఇసుక, చెత్త అక్కడే ఆగుతాయి. ఏడాదికో రెండేళ్లకో ఒక జేసీబీ దాన్ని రెండు రోజుల్లో ఖాళీ చేస్తుంది. ఆ గుంట లేని చెరువును పూర్తిగా ఎండబెట్టి తోడాల్సి వస్తుంది. ఖర్చు, గొడవ రెండూ అనేక రెట్లు.

ఎంత చేరిందో కొలవడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. సెంటీమీటర్ల గీతలు పెట్టిన వెదురు గెడ, ఒక తెప్ప చాలు. గెడను నిదానంగా దించితే బురద పైపొర తగిలినప్పుడు చేతికి మెత్తగా తెలుస్తుంది, ఆ గీత రాసుకోవాలి. తర్వాత గట్టి నేల తగిలేదాకా నొక్కాలి. రెండు అంకెల తేడాయే పూడిక మందం. ఏటా ఒకే పది చోట్ల ఇలా కొలిస్తే చెరువు ఎంత వేగంగా నిండుతోందో పుస్తకంలో కనిపిస్తుంది.

తీసిన మట్టిని ఏం చేయాలన్నది ఆఖరి మాట. చెరువు మట్టి పొలానికి బలమన్నది పల్లెల్లో తరతరాల అనుభవం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు ట్రాక్టర్లు కట్టుకుని దాన్ని తోలుకున్నారు. కాలనీ చెరువు మట్టికి ఆ నమ్మకాన్ని కళ్లు మూసుకుని వర్తింపజేయకూడదు. అందులో రోడ్డు మీది టైర్ల జింకు, పాత పెయింట్ల సీసం, ఎప్పుడో చల్లిన మైలుతుత్తంలోని రాగి ఉండొచ్చు. నాలా మూతి దగ్గర, మధ్యలో, మత్తడి దగ్గర విడివిడిగా నమూనాలు తీసి లోహాల పరీక్షకు పంపాలి. లోహాలు ఎక్కువగా దొరికేది సాధారణంగా నాలా మూతి దగ్గరి సన్న బురదలో. పరీక్ష ఫలితం వచ్చేదాకా మట్టిని కట్టకు లోపలివైపు, కారే నీరు తిరిగి గుంటలోకే పడేలా ఆరబెడతారు. ఫలితం బాగుంటే పొలానికి, లేకపోతే డంపింగ్ యార్డుకు. లారీ ఏ దారి పట్టాలో ఆ కాగితం చూశాకే చెప్తారు.